క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్: ఇదే ఆఖరు బ్యాచ్ అంటున్నారు, ఈ ఏడాదే పెట్టాలా?

పలాస_పిల్ల

అందరికీ నమస్కారం. మాది పలాస దగ్గర పల్లె. ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సైకాలజీ నిరుడు అయింది, 61 శాతం. నాన్న జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కాల్చే పని. డబ్బులు కట్టి చదివే పరిస్థితి లేదని అర్థమయ్యే ఉంటుంది.

క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్ (మానసిక రోగులతో పనిచేయడానికి ఆసుపత్రిలో ఉండి నేర్చుకునే రెండేళ్ల కోర్సు) అడ్మిషన్లు 2025-26 వరకే అని యూజీసీ 2024 జనవరిలో చెప్పింది కదా. ఇప్పుడు 2025, అంటే నాకున్నది ఈ ఒక్క అవకాశమే. తర్వాత ఎం.ఏ. క్లినికల్ సైకాలజీ, సై.డి. (ఇందులోనే డాక్టరేటు) వస్తాయంటున్నారు. వాటి కోసం ఆగితే మంచిదా, ఇప్పుడే గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడిపోనా?

నా భయాలు చెప్పేస్తాను. ఒకటి, విశాఖలో చేసిన నెల రోజుల ఇంటర్న్‌షిప్ తప్ప ఆసుపత్రి అనుభవం లేదు. అందులోనూ మూడు వారాలు ఫైళ్లు సర్దాను. రెండు, పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్వ్యూలో ఇంగ్లీషు మధ్యలో ఆగిపోతుంది. మూడోది మా అమ్మ. "పిచ్చాసుపత్రిలో రెండేళ్లేటమ్మా, రేపు సంబంధాలొస్తే ఏటని చెప్పాలి" అంటోంది. దీనికి మీ దగ్గర మందు ఉండదని తెలుసు, ఊరికే చెప్పాను.

ఎక్కడెక్కడ పెట్టాలి? ఎలా చదవాలి?

కాంకే_కబుర్లు

నేను రాంచీలో రెండో ఏడాది. సీఐపీ, రిన్‌పాస్ అని రెండు మానసిక ఆసుపత్రులు ఇక్కడ కాంకేలోనే ఉంటాయి, రెండింటికీ పెట్టు. బెంగళూరు నిమ్‌హాన్స్ ఎలాగూ పెడతావు. అస్సాంలో తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రికి కూడా పెట్టు, దూరమని వదిలెయ్యకు.

మార్కులకి ఇబ్బంది లేదు, అడిగేది 55 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 50. నువ్వు బీసీ అయితే మాత్రం ఒక మాట. మన రాష్ట్రం బీసీ సర్టిఫికెట్ కేంద్ర సంస్థల్లో చెల్లదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ విడిగా తీసుకోవాలి, మీ కులం కేంద్ర జాబితాలో ఉండాలి, ఏ తేదీ తర్వాత తీసుకున్నది అడుగుతున్నారో ప్రాస్పెక్టస్‌లో చూడాలి. మా ఫ్రెండ్ ఒకమ్మాయి పాతది పట్టుకెళ్లి కౌన్సెలింగ్ రోజు ఏడ్చింది. రేపే తహసీల్దారు ఆఫీసుకి వెళ్లు.

హిందీ వచ్చనుకుని ఇక్కడికొచ్చాను నేను. వార్డులో వాళ్లు మాట్లాడేది నాగ్‌పురి, భోజ్‌పురి. మొదటి నెల కేస్ హిస్టరీకి రెండు గంటలు పట్టేది, సగం మా అటెండర్ భయ్యా చెప్పిందే.

మానేరు_ఒడ్డు

చెల్లె, నేను కరీంనగర్ దిక్కు సర్కారు దవాఖాన్ల పని చేస్త. సీటు మూడోసారికి వచ్చింది. అందుకని జర పొడుగు రాస్త, ఓపిగ్గ చదువు.

ముందుగాల నీ మొదటి ప్రశ్న. ఆగకు, పెట్టు. 2017 మానసిక ఆరోగ్య చట్టంల క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో రాసి ఉన్నది. సైకాలజీ పీజీ మీద రెండేండ్లు ఫుల్‌టైమ్ ఎం.ఫిల్, అండ్ల సూపర్‌విజన్ కింద ట్రైనింగ్. లేదంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్, ఈ చదువులకు ఆమోదం, రిజిస్టర్ నంబరు ఇచ్చే కేంద్ర సంస్థ) ఒప్పుకున్న కాలేజీల ఆర్‌సీఐ ఒప్పుకున్న చదువు. అయితే కొత్తగ వచ్చే ఎం.ఏ. క్లినికల్ సైకాలజీ, పేరు ఒక్కటే ఉన్నంత మాత్రాన ప్రతి యూనివర్సిటీల ఉండే ఎం.ఏ. క్లినికల్ సైకాలజీ ఒకటి గాదు. ఆర్‌సీఐ ఆమోదం లేని డిగ్రీతోటి రిజిస్టర్ నంబరు రాదు. నంబరు లేకుండ బోర్డు పెడితే 1992 ఆర్‌సీఐ చట్టం కింద ఏడాది దాక జైలు, లేదంటే వెయ్యి రూపాయల జుర్మానా, రెండూ పడొచ్చు. వెయ్యే కదా అని నవ్వేటోళ్లు ఉన్నరు, జైలు మాట మర్చిపోతరు.

ఎంట్రెన్స్‌కు సైకోపాథాలజీ (మనసు జబ్బుల లక్షణాలు), టెస్టులు, స్టాటిస్టిక్స్, కొంచెం న్యూరో (మెదడు సంగతి). స్టాటిస్టిక్స్ ఇడిసిపెట్టకు, మన ఎమ్మెస్సీ పిల్లలు అక్కడ్నే పోతరు. సెన్సిటివిటీకి (టెస్టు జబ్బున్నోళ్లను పట్టుకునుడు) స్పెసిఫిసిటీకి (జబ్బు లేనోళ్లను లేదని చెప్పుడు) తేడా నిద్రల లేపి అడిగినా చెప్పాలె. టెస్టులంటే పేర్లు బట్టీ కొట్టుడు గాదు. భాటియా బ్యాటరీల (తెలివి కొలిచేది) ఐదు పరీక్షలుంటయి, అండ్ల ఎక్కువ ఎందుకు మాటలతోటి గాక చేతులతోటి చేసేటివి, చదువు రానోళ్లకు ఎందుకు పనికొస్తయి, అది తెల్వాలె.

ఇగ ఇంటర్వ్యూ. నా మొదటిది చెప్త. ఏ ఊరో ఎందుకులే. రోర్షాక్ (సిరా మరకల పరీక్ష) కార్డులు ఎన్ని అన్నరు. పది, ఐదు నలుపు, రెండిట్ల ఎరుపు, మూడు రంగులయి అని గడగడ చెప్పిన. సంబరమైంది. అప్పుడు పక్కన కూసున్న మేడం, ఆమెకు తెలుగు వస్తది, ఇట్ల అడిగింది: "ఒక రైతు వచ్చిండు. ఒళ్లంత మంటలు, గుండెల బరువు అంటున్నడు. ఏం జేస్తవ్?" నేను డిప్రెషన్ ఇన్వెంటరీ (చదివి నింపే ప్రశ్నల కాయితం) ఇస్త అన్న ఇంగ్లీషుల. "ఆయనకు సదువు రాదు. నువ్వే అడుగు, తెలుగుల అడుగు" అన్నది. నోరు పెకల్లే. పుట్టినప్పటిసంది మాట్లాడే భాష, ఒక్క ముచ్చట రాలే. బయటికొచ్చి బస్టాండ్ల కూసున్న గంటసేపు.

అప్పుడు ఒక పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీల అడిగి పని చేసిన, పైసల్లేకుండ, ఎనిమిది నెలలు. నువ్వు ఫైళ్లు సదిరిన అన్నవ్ గదా, నాది గూడ అట్లనే మొదలైంది. ఫైల్ ఇచ్చుకుంట ఇచ్చుకుంట ఇనుడు మొదలువెట్టు.

ఒక ముసలమ్మకు ధ్యాస ఎట్లున్నదో చూడాలె. పుస్తకంల ఉన్నది, వందల నుంచి ఏడు తీసుకుంట పో అని. ఆమె బడి మొఖం చూడలే. నేను మూడుసార్లు అడిగిన, ఆమె మూడుసార్లు నవ్వింది. మా సార్ వచ్చి, "అవ్వా, నూరు రూపాలిచ్చి ముప్పై ఐదు రూపాల నూనె తెస్తే దుకాణపాయన ఎంత తిరిగియ్యాలె?" అన్నడు. "అరవై ఐదు. గాని వాడు అరవయ్యే ఇస్తడు, దొంగ" అన్నది. ధ్యాస ఉన్నది, లెక్క ఉన్నది, లోకం ఎరుక గూడ ఉన్నది.

ఇంకొగాయనను "ఎవ్వరు లేనప్పుడు మాటలు ఇనబడ్తయా?" అని అడిగిన. "ఇనబడ్తయి" అన్నడు. నేను చెవులల్ల భ్రమలు అని రాసుకున్న. సార్ అడిగితే తేలిందేందంటే, పక్కింటోళ్ల టీవీ అది, గోడ పల్చగున్నది. ఆ కాయితం ఇప్పటికీ నా దగ్గర ఉన్నది.

సామెతల పరీక్ష చేస్తం గదా, మనిషి మాట లోతు పట్టుకుంటుండా లేదా చూసేతందుకు, దాన్నే అబ్‌స్ట్రాక్షన్ అంటరు. "కొండను తవ్వి ఎలుకను పట్టుడు అంటే ఏంది?" అంటే ఒకాయన చాలా సీరియస్‌గ, "కొండెందుకు తవ్వుతరు, బోను పెడితే సాలదా?" అన్నడు. నేను నవ్విన. సార్ కోపం జేసిండు. "నవ్వకు, ఆయన అన్నది అన్నట్టు రాయి" అన్నడు. నీ తాత్పర్యం గాదు, ఆయన మాట. ట్రైనింగ్ అంటే సగం ఇదే.

మూడో ఇంటర్వ్యూల నా ఇంగ్లీషు ముందుకన్న గొప్పగ ఏం లేకుండె. గాని అడిగిన దానికి నేను చూసిన మనిషిని చెప్పిన. గాలి సోకింది, పూనకం, నరాల బలహీనత, మతి మీద లేదు, ఇసొంటి మాటలు జనం ఏ బాధకు వాడ్తరో ఒక నోటుబుక్కుల రాసుకో. మీ దిక్కు మాటలు నాకన్న నీకే ఎరుక. నిమ్‌హాన్స్‌కు అనంతపురం, చిత్తూరు దిక్కు నుంచి మనోళ్లు మస్తుగ వస్తరు. అక్కడ తెలుగు మీడియం తక్కువేం గాదు.

బ్రాడీపేట

పైన చెప్పినదంతా బాగుందండీ, కానీ ఎక్కడ దొరికితే అక్కడ చేరిపోవడానికి నేను ఒప్పుకోను. ఆఖరు బ్యాచ్ అన్న భయంతోనే జనం ప్రైవేటులో లక్షలు పోస్తున్నారు. నేనూ పోసినదాన్నే. మా నాన్నగారు ఎకరన్నర తాకట్టు పెట్టారు. రెండో ఏడాది మధ్యలో మా సూపర్‌వైజర్ మానేశారు, నాలుగు నెలలు డిసర్టేషన్ చూసే దిక్కు లేదు. కేసులూ అంతే. పేషెంట్లు లేని ఓపీలో ముగ్గురు ట్రైనీలం ఒక్క మనిషిని పంచుకున్న రోజులున్నాయి.

అమ్మాయీ, సీటు వచ్చాక ఫీజు కట్టేముందు ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఆ సంస్థ పేరు, ఆమోదం ఏ ఏడాది వరకూ ఉందో చూసుకో. తర్వాత అక్కడ చదువుతున్న వాళ్లకి ఫోన్ చేసి రెండే అడుగు: రోజుకి ఎన్ని కొత్త కేసులు, ఎంతమంది సూపర్‌వైజర్లు పూర్తిగా అక్కడే పనిచేస్తున్నారు. "అప్పుడప్పుడు వస్తారండీ" అంటే ఆ చోటు వద్దు. స్టైపెండు ఇచ్చే ప్రభుత్వ సంస్థలో రాకపోతే ఒక ఏడాది పోనీ, ఆ కొత్త కోర్సులే చూద్దువుగాని, అప్పులోకి దిగకు.

మానేరు_ఒడ్డు

అప్పు మాట నిజమే, బ్రాడీపేట అక్కతోని నాకు పేచీ లేదు. సికింద్రాబాద్ నైపిడ్‌ల (బుద్ధి ఎదుగుదల తక్కువున్నోళ్ల కోసం ఉన్న సంస్థ) రిహాబిలిటేషన్ సైకాలజీ ఉండేది, అది గూడ కేంద్ర సంస్థే, ఇప్పుడు తీసుకుంటుండ్రా లేదా అరుసుకో. పిల్లలతోటి పని ఇష్టమైతే మంచిగుంటది. అది వేరే రిజిస్ట్రేషన్ అని మాత్రం యాది పెట్టుకో.

పలాస_పిల్ల

అందరికీ థాంక్స్. తహసీల్దారు ఆఫీసుకి వెళ్లొచ్చాను, వారం అన్నారు. మా దగ్గర్లోని ఏరియా ఆసుపత్రిలో అడిగితే సైకియాట్రీ ఓపీ వారానికి ఒక్కరోజే అట, ఆ రోజుకి రమ్మన్నారు. ఫైళ్లే ఇస్తారేమో, చూద్దాం.

నోటుబుక్కు కొన్నాను. మొదటి పేజీలో "బుర్ర తిరుగుతంది" అని రాసి కింద నాలుగు అర్థాలు రాశాను, అన్నీ మా వీధిలోవే. రాత్రి నాన్న భోజనం చేస్తుంటే మానేరు అన్న చెప్పిన సామెత అడిగాను. "నాన్నా, కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఏటి?"

తల ఎత్తకుండా "నీ చదువు" అన్నారు.

మానేరు_ఒడ్డు

బాపుకు అబ్‌స్ట్రాక్షన్ మంచిగున్నది. అన్నది అన్నట్టు రాస్కో.