నిశ్చితార్థపు విందులో టోస్టు మీదికి ప్యాకెట్టు సాల్మనా, పొగబెట్టిన కానాగంతా?

బరంపురం నుంచి (ప్రశ్న):
మే నెలలో మా అమ్మాయి నిశ్చితార్థం. సాయంత్రం మేడ మీద 60 మందికి విందు ఇస్తున్నాము. భోజనానికి ముందు చిన్న టోస్టు ముక్కల మీద పొగబెట్టిన చేప పెట్టాలని పిల్లల కోరిక. వంట ఒప్పుకున్నవారు పల్చగా కోసిన సాల్మన్ ప్యాకెట్లు తెప్పిస్తామంటున్నారు. గోపాలపూర్ కానాగంతలు ఉండగా చలిదేశపు చేప మనకెందుకని మా ఆడపడుచు అడుగుతోంది. ఏది మేలో దయచేసి కారణాలతో చెప్పండి.

పర్లాకిమిడి నుంచి:
అమ్మా, నేను సాల్మన్ వైపే మాట్లాడతాను. కానాగంతను ఎంత శ్రద్ధగా పొగబెట్టినా అతిథుల్లో చాలామందికి అది ఎండుచేప వాసనగానే తోస్తుంది, వియ్యాలవారి ముందు శుఖువా (ఒడియావారి ఎండుచేప) పెట్టారన్న మాట మిగిలిపోతుంది. పైగా నిలబడి కబుర్లు చెప్పుకుంటూ తినే పదార్థంలో ముల్లు తగలకూడదు. ప్యాకెట్టు చేప అంతా ఒకే మందంలో, ఒకే ఉప్పుతో వస్తుంది.

గోపాలపూర్ నుంచి:
ముళ్ళ గురించి పర్లాకిమిడివారు అన్నది న్యాయమే. అయితే ఇక్కడ రుచికంటే ముందు తేల్చవలసింది ఆ చేప ఉడికిందా లేదా అన్నది. పల్చటి పొరలుగా అమ్మే సాల్మన్ సాధారణంగా చల్లని పొగ పట్టినది, అంటే ఉప్పులో ఊరవేసి, సుమారు 30 డిగ్రీలు మించని పొగలో ఉంచినది కనుక అది పచ్చి చేప కిందే లెక్క. లిస్టీరియా అనే సూక్ష్మజీవి ఆ పొగకు చావదు సరికదా, ఫ్రిజ్జు చలిలో కూడా మెల్లగా పెరుగుతుంది. గర్భిణులు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు అటువంటి చేపను వేడి చేయకుండా తినవద్దని వైద్యులు హెచ్చరించేది అందుకే. నిశ్చితార్థానికి అమ్మమ్మలూ వస్తారు, కడుపుతో ఉన్న ఆడపిల్లలూ వస్తారు, పళ్ళెం పట్టుకొని తిరిగే కుర్రవాడు ఎవరికి పెట్టాలో ఎవరికి పెట్టకూడదో చూడలేడు.

వేడి పొగ సంగతి వేరు. అందులో చేప లోపలి భాగం కనీసం 63 డిగ్రీలకు చేరి, అరగంటసేపు ఆ వేడిలోనే ఉండాలి. కానాగంత నూనె ఉన్న చేప కనుక అంత వేడికీ పీచులా ఎండిపోదు, పొగ వాసనను కూడా చక్కగా పట్టుకుంటుంది. పొగచేప మన సముద్రాలకు పరాయిదేమీ కాదు. లక్షద్వీపవాసులు ట్యూనాను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి మాస్‌మిన్ చేసుకుంటారు.

కానాగంతకు ఒక గట్టి షరతు ఉంది. ఎండలో నిలిచిన కానాగంతలో హిస్టమిన్ అనే హానికర పదార్థం పుడుతుంది, ఆ తరువాత ఎంత వేడి చేసినా, ఎంత పొగబెట్టినా అది పోదు. తిన్నవారికి ముఖం ఎర్రబడటం, దురద, తలనొప్పి వస్తాయి. అందుచేత తెల్లవారుజామున ఐసు పెట్టె వెంట తీసుకొని ఒడ్డుకే వెళ్ళండి. ఇక్కడి మత్స్యకారులు తెలుగువారే కనుక వల ఎప్పుడు వచ్చిందో, ఐసు ఎప్పుడు వేశారో మొహమాటం లేకుండా అడగవచ్చు.

చేపను వెన్ను వెంట చీల్చి, లీటరు నీటికి 80 గ్రాముల ఉప్పు కలిపి, ఆ నీటిలో ఒక గంట ఫ్రిజ్జులోనే ఉంచండి. తరువాత తుడిచి, మూత లేకుండా ఫ్రిజ్జులోనే ఆరనివ్వాలి. పైభాగం తడి ఆరి కాస్త జిగురుగా మారితే తప్ప పొగ సరిగా పట్టదు. పొగకు కొబ్బరి డొక్కలు గాని, ఎండిన మామిడి చెక్క గాని వాడండి. జీడిపిక్కల పెంకును మాత్రం పొయ్యి దరిదాపులకు రానివ్వవద్దు, దానిలోని నూనె కాలిన పొగ కళ్ళకూ గొంతుకూ హాని చేస్తుంది. ఈ పని అంతా ఆరుబయటే జరగాలి.

రాయగడ నుంచి:
టోస్టుకు ముందుగా క్రీము చీజు గాని, వడకట్టిన గట్టి పెరుగు గాని రాయడం చూశాను. మా ఇంట్లో చేపతో పెరుగు కలపరు, బొల్లి వస్తుందని పెద్దల మాట. దీనికి ఏమంటారు?

గోపాలపూర్ నుంచి:
చర్మానికి రంగునిచ్చే కణాలు నశించడం వల్ల బొల్లి వస్తుంది. ఎక్కువగా శరీరపు రక్షణ వ్యవస్థే వాటిని దెబ్బతీస్తుంది. చేపా పెరుగూ కలిపి తినడం దానికి కారణం కాదు. మన ఒడియా ఇరుగుపొరుగు దహి మాఛ, అంటే పెరుగు వేసిన చేపల కూర వండుకొని హాయిగా తింటున్నారు. అయినా శుభకార్యంలో పెద్దల మనసు నొప్పించడం ఎందుకు? ఉప్పు లేని వెన్న రాయండి. వెన్న పొర చేపలోని తడిని రొట్టెలోకి దిగనివ్వదు కనుక, గాలిలో ఇంత తేమ ఉండే మన తీరంలో అదే మేలు. సెంటీమీటరు మందం బ్రెడ్డును సన్నని మంట మీద లోపలిదాకా కరకరలాడేలా కాల్చి, పూర్తిగా చల్లారాక గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టుకోవాలి.

ఇక ముళ్ళ సంగతి. చేపను ముక్కగా పెట్టకండి. పొగబెట్టి చల్లార్చాక కండ వెన్నెముక నుంచి తేలికగా విడివడుతుంది. మంచి వెలుతురులో ఇద్దరు కూర్చొని వేళ్ళతో తడిమి ముళ్ళు ఏరి, కొంచెం వెన్న, నిమ్మరసం, మిరియాల పొడి కలపాలి. మనిషికి రెండు చొప్పున 120 టోస్టులు, ఒక్కోదాని మీద 12 గ్రాములు అనుకుంటే దాదాపు కిలోన్నర మిశ్రమం అవుతుంది. అందుకు పచ్చి చేప మూడున్నర కిలోలు కొనుక్కోవాలి.

32 డిగ్రీలు దాటిన వేడిలో దీనిని గంటకు మించి బయట ఉంచరాదు. కనుక 30 టోస్టుల చొప్పున మాత్రమే సిద్ధం చేసి, అవి అయిపోయాకే తరువాతివి పైకి పంపండి.

పర్లాకిమిడి నుంచి:
గర్భిణుల గురించి చెప్పిన మాటతో ప్యాకెట్టు సాల్మన్‌ను వదులుకుంటున్నాను. ముళ్ళ విషయంలో మాత్రం నా పట్టు సడలలేదు. పెళ్ళిపనుల హడావిడిలో ఉన్న ఇంట్లో ఓపికగా కూర్చొని ముళ్ళు ఏరేవారు ఎవరు? ధర ఎక్కువైనా వంజరం ముక్కలను అదే పద్ధతిలో పొగబెట్టించడం మంచిదని నా అభిప్రాయం.

గోపాలపూర్ నుంచి:
ఏరేవారు లేకపోతే వంజరమే తీసుకోండి. దానిలో నూనె తక్కువ కనుక 63 డిగ్రీలలో అరగంట పూర్తి కాగానే దించేసి, వెన్న కాస్త ఎక్కువ కలపాలి. ఏరేవారు ఉంటే మాత్రం నేను కానాగంతే అంటాను.