బ్రిడ్జ్ పేకాటలో నెగెటివ్ డబుల్ ఆడుతుంటే పెనాల్టీ చేతిని ఏం చేయాలి?

ప్రశ్న: పార్ట్‌నర్ 1 డైమన్‌తో వేలం మొదలుపెట్టాడు, కుడివైపు వాళ్లు 1 ఇస్పేటు అన్నారు. నా చేతిలో ఇస్పేట్లు రాజు, జాకీ, 9, 7, 4, ఆఠీను ఒకటే, డైమన్లు 8, 5, కళావర్లు ఆసు, 10, 6, 4, 2. మాది నెగెటివ్ డబుల్ (పెనాల్టీకి కాక, చెప్పని రంగులున్నాయని తెలిపే డబుల్) కాబట్టి, నేను డబుల్ అంటే నా దగ్గర నాలుగు ఆఠీన్లు ఉన్నాయని పార్ట్‌నర్ అనుకుంటాడు. మరి వాళ్ల 1 ఇస్పేటును ఓడించి పెనాల్టీ రాబట్టేదెలా?

జవాబు 1: పాస్ చేయండి. ఎడమవైపు వాళ్లూ పాసైతే, ఇస్పేట్లు రెండో అంతకన్నా తక్కువో ఉన్న ఓపెనర్ (వేలం మొదలుపెట్టిన మీ పార్ట్‌నర్) 12 పాయింట్ల (ఆసు 4, రాజు 3, రాణి 2, జాకీ 1) చేతితోనైనా తిరిగి డబుల్ చెప్పాలి. అప్పుడు మీరు మళ్లీ పాస్, అదే పెనాల్టీ. ఈ ఒప్పందం లేకుండా నెగెటివ్ డబుల్ ఆడటం దండగ. ఓపెనర్‌కు ఇస్పేట్లు మూడుంటే మాత్రం మీ దగ్గర ఐదుండే అవకాశం తక్కువ, పాస్ చేయొచ్చు. ఓపెనర్‌కు డైమన్లు ఆరు, డిఫెన్స్ ట్రిక్కులు (ఎదుటివాళ్ల ఆటలో గెలవగల పట్లు) లేవు అంటే డబుల్ వద్దు, 2 డైమన్లు చెప్పాలి.

జవాబు 2: అసలు చిక్కు టెంపోది అండీ. మీరు అర నిమిషం ఆలోచించి పాస్ చేస్తే ఆ ఆలస్యమే పార్ట్‌నర్‌కు సమాచారం. తర్వాత అతని డబుల్ అంచున ఉన్న చేతితో అయితే పోటీ నడిపే డైరెక్టర్ స్కోరు మార్చేయవచ్చు. మామూలు వేగంతోనే పాస్ కార్డు పెట్టండి.

జవాబు 3: ఎదుటివాళ్ల వేలం ఏ స్థాయి దాకా మీ డబుల్ నెగెటివో ఒప్పందాల కార్డు మీద రాసుకోండి. మేం 3 ఇస్పేట్ల దాకా. 1వ స్థాయిలో 6 పాయింట్లు, 2లో 8, 3లో 10 చాలు. ఇంకోటి, పెనాల్టీగా మారాక మొదటి ముక్క ఆడేది ఓపెనర్ కాదు, మీరే.