డర్హమ్ మైదానమా, షార్లెట్ మైదానమా?

ఎర్రఎద్దు:
నార్త్ కరొలైనాలో ట్రిపుల్-ఎ బేస్‌బాల్ (అమెరికా పెద్ద లీగుకు ఒక్క మెట్టు కింది స్థాయి) చూసేవాళ్ల మధ్య ఈ పేచీ ఎప్పటికీ తెగదు. నా ఓటు డర్హమ్‌కే. 1995లో తెరిచిన మైదానం. ఎడమవైపు హద్దు 305 అడుగులే, అందుకే అక్కడ 32 అడుగుల నీలి గోడ లేపారు. మరో చోట హద్దు దాటి హోమ్ రన్ అయ్యే బంతి ఇక్కడ గోడకు ఠప్పున తగిలి వెనక్కి వస్తుంది. ఫీల్డరు అందుకుని విసిరేలోపు బ్యాటరు రెండో బేస్ (పరుగు దారిలో రెండో మజిలీ) చేరతాడా లేదా అని అందరం లేచి నిలబడతాం. అక్కడే పెద్ద ఎద్దు బొమ్మ. బంతి దానికి తగిలితే ఆటగాడికి స్టేక్, కాళ్ల కింది గడ్డికి తగిలితే సలాడ్. (మా ఇంట్లో శాకాహారులు గడ్డి పక్షం.) మా డర్హమ్ బుల్స్ జట్టు హోమ్ రన్ కొడితే ఎద్దు కళ్లు ఎర్రబడి ముక్కులోంచి పొగ వస్తుంది. మా ఆరేళ్లవాడు వచ్చేదే ఆ పొగ కోసం.

షార్లెట్‌వాసి:
ఎద్దు సంగతి సరే. పొద్దుగుంకే వేళ మా మైదానంలో హోమ్ ప్లేటు (బ్యాటరు నిలబడే చోటు) వెనక కూర్చుని చూడండి, ఎదురుగా మేడలన్నీ దీపాలు వెలిగించుకుంటాయి. 2014కు ముందు మా షార్లెట్ జట్టు రాష్ట్రం దాటి సౌత్ కరొలైనాలోని ఫోర్ట్ మిల్‌లో ఆడేది. ఇప్పుడు ఆఫీసు నుంచి నడిచి వెళ్తున్నాను. ఇది లెక్కలోకి రాదా?

ఎర్రఎద్దు:
వస్తుంది. కానీ మేడలు చూడటానికి టికెట్టు ఎందుకండీ? పైగా మీ దగ్గర హోమ్ రన్లు మరీ చౌక. బంతి విసిరే పిచ్చరు ఏం పాపం చేశాడు?

పాతకుర్చీ:
ఇద్దరూ అలబామాలోని మా బర్మింగ్‌హామ్ వచ్చినట్టు లేరు. రిక్‌వుడ్ ఫీల్డ్ 1910 నాటిది. 1948లో నల్లజాతి ఆటగాళ్ల జట్టు బ్లాక్ బారన్స్ తరఫున, తర్వాత పెద్ద లీగులో మహా ఆటగాడైన విల్లీ మేస్ ఆడింది ఇక్కడే. 2024 జూన్ 20న ఇక్కడ పెద్ద లీగు మ్యాచ్ పెట్టారు, ఆయన కన్నుమూసి అప్పటికి రెండే రోజులు. మా ఊరి ఇప్పటి జట్టు బారన్స్ 2013 నుంచి ఊరి నడిబొడ్డున కొత్త మైదానంలో ఆడుతున్నారు. అక్కడ అన్నీ సుఖంగానే ఉంటాయి, నేనూ వెళ్తాను. అయినా రిక్‌వుడ్‌లో పైకప్పు స్తంభం అడ్డొస్తే మెడ పక్కకు వంచి చూడటమే నాకిష్టం.

షార్లెట్‌వాసి:
స్తంభం వెనక సీటుకు సగం ధరేనా? మేస్ ఆడిన నేల మీద నాకూ భక్తి ఉంది. కానీ ఏడాదికోసారి దర్శనానికి వెళ్లే చోటు వేరు, వారానికి రెండు సాయంత్రాలు గడిపే చోటు వేరు. ఎర్రఎద్దు గారూ, మా జట్టు మీ ఊరు వచ్చినప్పుడు నేనూ వస్తాను. మీ అబ్బాయికి ముందే చెప్పి ఉంచండి, మావాడు గోడ దాటిస్తే పొగ రాదని.