జలుబు చేసి దగ్గితే కళ్లెలో రక్తపు చారలు, ఎవరికైనా ఇలా అయిందా?

ఆరు రోజులుగా జలుబు, మొదట ముక్కు కారింది తర్వాత మూసుకుపోయింది, ఇప్పుడు రాత్రంతా ఒకటే దగ్గు. ఈరోజు పొద్దున లేవగానే గట్టిగా దగ్గి వాష్‌బేసిన్‌లో ఊస్తే పసుప్పచ్చ కళ్లె మధ్యలో ఎర్ర దారప్పోగుల్లా రెండు చారలు. చేతులు వణికాయండి నిజంగా. మధ్యాహ్నం ఇంకోసారి కొంచెం వచ్చింది. జ్వరం లేదు, ఆయాసం లేదు, సిగరెట్ తాగను, వయసు 29. నెట్‌లో వెతికితే టీబీ, కేన్సర్ అని వస్తోంది. కంగారు పడతారని ఇంట్లో చెప్పలేదు.

జవాబు 1:
నాకు పోయినసారి జలుబుకి అచ్చం ఇలాగే అయింది. ముక్కు చీదినప్పుడు టిష్యూ మీద చూశారా? నాది ముక్కులోంచే, లోపల ఎండిపోయి చిట్లిన రక్తం పడుకున్నప్పుడు గొంతులోకి జారి పొద్దున కళ్లెతో వచ్చేది. ముక్కులో స్ప్రే ఏమైనా కొడుతున్నారా, కొన్నిటికి లోపలి పొర బాగా ఎండిపోతుంది. చిగుళ్లు కూడా చూసుకోండి.

జవాబు 2:
నేను నర్స్‌ని. జలుబు ఛాతీలోకి దిగితే బ్రాంకైటిస్ అంటాం, గాలి గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది, అదేపనిగా దగ్గితే అక్కడి సన్నటి రక్తనాళాలు చిట్లుతాయి, చారలు ఎక్కువగా అలా వచ్చేవే. అయినా ఒకసారి డాక్టర్‌కి చూపించండి, రక్తం పడిందంటే ఇంట్లో కూర్చుని తేల్చుకునే విషయం కాదు. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, "కొంచెం" అని మీరు చెప్పేదానికన్నా అది చూస్తే వాళ్లకి త్వరగా అర్థమవుతుంది. ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడుతుంటే తప్పకుండా చెప్పండి. రెండు మూడు చెంచాల రక్తం పడినా, ఆయాసం వచ్చినా, ఊపిరి తీస్తే ఛాతీలో పొడిచినట్టున్నా, ఒక కాలు వాచినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.

జవాబు 3:
భయపెట్టాలని కాదు కానీ మా నాన్నకి కూడా జలుబే అనుకున్నాం. నెల దాటినా దగ్గు తగ్గలేదు, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటకి దిండు తడిసేది, ప్యాంటు వదులైపోయింది, అప్పుడు గానీ కళ్లె పరీక్ష చేయించలేదు. టీబీ. ఆరు నెలలు మందులు వాడారు, ఇప్పుడు బాగున్నారు, కానీ ఆ నెల రోజులూ ఎందుకు ఊరుకున్నామా అని ఇప్పటికీ బాధే. దగ్గు రెండు వారాలు దాటితే మాత్రం కళ్లె పరీక్ష, ఎక్స్‌రే చేయించుకో బ్రో, యాంటీబయాటిక్స్ నీ అంతట నువ్వు కొనుక్కుని మింగకు.

అడిగినవారు:
అందరికీ థాంక్స్. స్ప్రే వారం నుంచి రోజుకి నాలుగైదుసార్లు కొడుతున్నాను, ఇంత దూరం వస్తుందనుకోలేదు. డాక్టర్ లైట్ వేసి చూసి కుడి ముక్కులో ఎండిన రక్తం ఉందన్నారు, ఛాతీ క్లియర్‌గానే ఉందట. స్ప్రే ఆపించి ఉప్పునీటి డ్రాప్స్ రాశారు, వారంలో తగ్గకపోతే ఎక్స్‌రేకి రమ్మన్నారు. ఈ పొద్దున కూడా చిన్న చార వచ్చింది, ఫొటో తీశాను. ఇంట్లో చెప్పేశాను.