పాత వీడియో గేమ్ కేబినెట్ రిపేరు, ఇంట్లో ప్రాప్స్ తయారీ: వైజాగ్‌లో చేసినవాళ్లు చెప్పండి

పెదవాల్తేరు_బటన్స్:
అందరికీ నమస్తే. డాబాగార్డెన్స్ వైపు ఎప్పుడో మూతపడ్డ వీడియో గేమ్ షాపు సామాను అమ్ముతుంటే ఒక కేబినెట్ కొన్నాను. రూపాయి బిళ్ల వేసి ఆడే రకం. లోపల స్ట్రీట్ ఫైటర్ 2 బోర్డు, పిక్చర్ ట్యూబు. ఆన్ చేస్తే మ్యూజిక్ వస్తోంది, బిళ్ల వేస్తే చప్పుడు వస్తోంది. స్క్రీన్ మీద మాత్రం మధ్యలో అడ్డంగా ఒకే ఒక తెల్లగీత. పంచ్ బటన్లు నొక్కితే సౌండ్ వస్తోంది, కింది వరసలో కిక్ బటన్లు మూడింటికీ ఏమీ లేదు. చూసినాయన ట్యూబు పీకేసి ఎల్‌సీడీ పెట్టించేయమన్నాడు. నాకు మనసొప్పడం లేదు.

ఇంకోటి. మా పాప స్కూల్లో ఎగ్జిబిషన్ ఉంది. బీచ్‌రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూసొచ్చినప్పటి నుంచీ సబ్‌మెరైన్ కంట్రోల్ ప్యానెల్ చేద్దామని ఒకటే పోరు. దానికీ సలహాలు చెప్పండి.

పాత_కిట్_మెకానిక్:
బాబూ, ట్యూబు జోలికి పోకు. గీత వెలుగుతోందంటే ట్యూబు బతికే ఉంది, ఈహెచ్‌టీ (ట్యూబుకి వెళ్లే హై వోల్టేజ్) కూడా పనిచేస్తోంది. పోయింది వర్టికల్ సెక్షన్, అంటే బొమ్మని పైకీ కిందికీ సాగదీసే భాగం. టీవీల్లో ఈ కంప్లయింట్ ఎన్నిసార్లు చూశానో లెక్కే లేదు. ముందు బ్రైట్‌నెస్ బాగా తగ్గించు. ఆ గీత అలాగే వెలుగుతుంటే అక్కడ ట్యూబు లోపలి ఫాస్ఫర్ పూత కాలిపోయి మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది.

కిట్ (ట్యూబుని నడిపే సర్క్యూట్ బోర్డు) బయటికి తీశాక హీట్‌సింక్‌కి బిగించిన వర్టికల్ ఐసీ కాళ్లను భూతద్దంలో చూడు. కాలు చుట్టూ సన్నటి నల్లని రింగు కనిపిస్తే అదే డ్రై సోల్డర్, అంటే అతుకు వదిలేసిందన్నమాట. పాత సీసం తీసేసి కొత్తగా పెట్టు. దాని పక్కన కండెన్సర్లుంటాయి, ఐసీ వేడికి ఎండిపోతాయి. తల ఉబ్బకపోయినా మార్చేయడమే మంచిది. పాతవాటి మీద ఉన్న మైక్రోఫారడ్ విలువే వేయి, వోల్టు మాత్రం అంతే గానీ ఎక్కువ గానీ ఉండాలి.

ఇక అసలు సంగతి, కిట్ ముట్టుకోకముందే చేయాల్సింది. ట్యూబుకి రబ్బరు టోపీ కింద 20 వేల వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్ పీకేసినా వెంటనే పోదు. పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకో, ప్లాస్టిక్ పిడి పగుళ్లు లేకుండా ఉండాలి. ఒక వైరు కొస దాని ఇనుప కడ్డీకి, రెండో కొస ట్యూబు వెనక చుట్టి ఉండే అల్లిక వైరుకి బిగించు. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, స్క్రూడ్రైవర్ మొనను టోపీ కిందికి మెల్లగా జరిపి క్లిప్పుకి తాకించు. టప్‌మని వినపడొచ్చు. కాసేపాగి మళ్లీ అదే చెయ్యి, మిగిలిన చార్జ్ కూడా పోతుంది. పక్కన పిల్లలు ఉండకూడదు. ఏమాత్రం జంకు ఉన్నా ఈ ఒక్క పని పాత టీవీ మెకానిక్ చేత చేయించుకో.

గాజువాక_సోల్డర్:
గురువుగారు చెప్పినదాని మీద చెప్పడానికేం లేదు. అన్నా, నీ కిక్ బటన్లు పోలేదు. గేమ్ బోర్డుని కేబినెట్ వైర్లకి కలిపేది జామా కనెక్టర్, 80ల మధ్యలో వచ్చింది, దానికి 56 పిన్నులు. వాడుకలో ఒక్కో ప్లేయర్‌కి మూడు బటన్లకే చోటు. ఈ గేముకి ఆరు కావాలి. అందుకే కిక్ వైర్లు బోర్డు మీద వేరే కనెక్టర్‌కి వెళ్తాయి. ఆ కేబుల్ ఊడిందో, సామాను మోసేటప్పుడు తెగిందో ఉంటుంది. ఒక్క బటన్ పోతే దాని కింద ఉండే మైక్రోస్విచ్‌ని అనుమానించాలి, మూడూ ఒకేసారి పోతే కేబులే.

పవర్ సప్లై కూడా చూడు. 5 వోల్టులు సప్లై దగ్గర కాదు, బోర్డు దగ్గర కొలవాలి, అదీ గేమ్ నడుస్తుండగా. 4.75 కిందికి పడితే గేమ్ తనంతట తనే రీసెట్ అవుతుంది. సప్లై మీద చిన్న స్క్రూ ఉంటుంది, మెల్లగా తిప్పి 5.05 దగ్గర ఆపెయ్. 5.25 దాటనివ్వకు.

ఎవరికైనా నియో జియో అనే ఇంకో రకం గేమ్ బోర్డు దొరికితే ముందు దాని మీది చార్జింగ్ బ్యాటరీ తీసేయండి. అది కారితే చుట్టూ ట్రాకులు తినేస్తుంది. కారిన చోట వెనిగర్ అద్ది, తర్వాత ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో తుడవాలి.

లాసన్స్‌బే_ఉప్పుగాలి:
మన ఊళ్లో మెషిన్లకి అసలు శత్రువు సముద్రపు గాలే. బోర్డు అంచున పిన్నులు నల్లబడి ఉంటే పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్ది ఐపీఏతో తుడవండి. గరుకు కాగితం వాడితే పైపూత పోతుంది. సగం కంప్లయింట్లు అక్కడే తీరిపోతాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా బంధువుల షాపులో రెండు కేబినెట్లు తడిశాయి. బోర్డులు ఆరబెడితే పనిచేశాయి గానీ పార్టికల్ బోర్డు అడుగుభాగం ఉబ్బి పొరలు పొరలుగా ఊడిపోయింది. అడుగు భాగం వరకు మెరైన్ ప్లై వేయించాం. ఇంట్లో పెట్టేటప్పుడు నేలకి ఆన్చకుండా కింద చక్రాలు బిగించండి. చెదలు పట్టినా వెంటనే కనిపిస్తుంది.

సీతమ్మధార_పిక్సెల్:
ఎల్‌సీడీ పెడితే తప్పేముంది? బరువు తగ్గుతుంది, కరెంటూ తక్కువే.

గాజువాక_సోల్డర్:
ఈ బోర్డు ఇచ్చేది 15 కిలోహెర్ట్జ్ సిగ్నల్. మామూలు కంప్యూటర్ మానిటర్లు 31 నుంచే మొదలవుతాయి. మధ్యలో కన్వర్టర్ పెట్టాలి, చవకవైతే బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది. ఫైటింగ్ గేములో ఆ ఆలస్యం చేతికి తెలిసిపోతుంది. ట్యూబు నిజంగా చచ్చిపోయినప్పుడు సరే. బతికున్నదాన్ని తీసి పడేయడం నేను ఒప్పుకోను. కొత్తవి తయారు చేసేవాళ్లు లేరు.

ఎంవీపీ_క్రాఫ్ట్_టీచర్:
ప్యానెల్ గురించి నేను చెప్తాను, స్కూల్ నాటకాలకి ఇవే చేస్తుంటాను. కురుసుర 1969లో నేవీలో చేరిన సోవియట్ సబ్‌మెరైన్, లోపల అంతా చక్రాలూ గేజులే. కాబట్టి టచ్‌స్క్రీన్‌లా చేయకండి, అతకదు.

ప్యానెల్‌కి సన్‌బోర్డు (గట్టి ఫోమ్ షీటు) చాలు. గేజుకి కాగితం మీద డయల్ ప్రింట్ తీసి, వెనక చిన్న సర్వో మోటారు పెట్టి ముల్లు తగిలిస్తే ఆర్డుయినో నానోతో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న బోర్డు) లోతు పెరిగినట్టు కదులుతుంది. సర్వోలకి 5 వోల్టులు వేరేగా ఇవ్వండి, గ్రౌండ్ మాత్రం కలపాలి, లేకపోతే ముల్లు వణుకుతుంది. మామూలు పవర్‌బ్యాంక్ పెడితే లోడ్ చాలక మధ్యలో ఆగిపోవచ్చు, ముందే కాసేపు నడిపి చూసుకోండి. విడి లిథియం సెల్స్ స్కూలుకి పంపకండి. మీ కేబినెట్‌లో మార్చేసిన పాత బటన్లు ఉంటే ప్యానెల్‌కి వాడండి, పిల్లలు గట్టిగా గుద్దినా తట్టుకుంటాయి.

వాల్వు చక్రాలు థర్మాకోల్‌తో చేస్తే నేరుగా స్ప్రే పెయింట్ కొట్టకండి, కరిగి గుంటలు పడతాయి. ముందు ఫెవికాల్ రెండు పూతలు. బోల్టు తలల్లాంటివి ఎంసీల్ ముద్దతో చేసుకోవచ్చు. ఆరాక అంతా నల్లరంగు వేసి, బ్రష్‌కి సిల్వర్ అద్ది, కాగితం మీద దాదాపు పొడిబారేలా తుడిచి, అప్పుడు అంచుల మీద మాత్రం తేలిగ్గా రాయండి. అరిగిన ఇనుములా వస్తుంది. దూరం నుంచే కాదు, దగ్గరికొచ్చినా చేత్తో ముట్టుకునేదాకా ఎవరూ పట్టుకోలేరు.

ఒక్క మాట. ఇది నేవీ ఊరు. వైర్లూ, మెరిసే లైట్లూ బయటికి కనిపించేలా బస్సులోనో రైల్వేస్టేషన్‌లోనో తీసుకెళ్లకండి, విప్పి డబ్బాలో సర్దుకెళ్లండి.

పెదవాల్తేరు_బటన్స్:
అందరికీ చాలా థాంక్స్. ట్యూబు డిస్చార్జ్ మా వీధిలో టీవీ పెద్దాయన చేశారు. వర్టికల్ ఐసీకి రెండు కాళ్ల దగ్గర నల్లరింగు ఉంది, సీసం పెట్టగానే బొమ్మ నిండుగా వచ్చింది. కిక్ కేబుల్ బోర్డు కిందికి జారిపోయి ఉంది, గుచ్చితే మూడూ పనిచేశాయి. ఇప్పుడు బొమ్మ పైన మాత్రం కొంచెం ముడుచుకుని, తలలు పొట్టిగా కనిపిస్తున్నాయి. గురువుగారూ, ఇది మీరు చెప్పిన కండెన్సర్లేనా?

పాత_కిట్_మెకానిక్:
ఎక్కువ అవకాశం అదే బాబూ. అవి మార్చాకే హైట్, లీనియారిటీ ప్రీసెట్లు (బొమ్మ ఎత్తునీ, పైనా కిందా సమానంగా ఉండడాన్నీ సర్దే చిన్న స్క్రూలు) ముట్టుకో. ముందే తిప్పితే తర్వాత మళ్లీ అంతా సర్దుకోవాల్సి వస్తుంది.