బస్టాండ్ బయట పడుకునేవాళ్లకు ముందు పింఛనా, ముందు అద్దె గదా?

కృష్ణలంక కుర్రాడు: విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండ్ బయట ఏళ్ల తరబడి పడుకునేవాళ్లలో కొందరికి కాలు లేదు, కొందరికి మతిస్థిమితం లేదు. ఎన్టీఆర్ భరోసా పథకంలో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు. ఇద్దరు కలిసి ఉంటే చిన్న గది అద్దె, తిండి ఎలాగోలా గడుస్తాయి. ముందు పింఛను ఇప్పిస్తే చాలు, గది సంగతి వాళ్లే చూసుకుంటారని నా వాదన.

బ్రాడీపేట: పింఛను వార్డు సచివాలయం వాళ్లు ఇంటికి తెచ్చి ఇస్తారు. ఇల్లే లేనివాడికి ఎక్కడికి తెస్తారండి? దానికి ముందు ఆధార్ కావాలి, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే సచివాలయం దగ్గరుండే కుటుంబాల జాబితాలో పేరుండాలి, వైకల్యం ఎంతో డాక్టర్లు తేల్చే సదరం శిబిరంలో కనీసం 40 శాతం వైకల్యం ఉందని తేలాలి. కాలు లేదంటే డాక్టర్‌కి కనబడుతుంది. మానసిక జబ్బయితే పాత చీటీలు అడుగుతారు. రోడ్డు మీద సంచీ పోతే చీటీలూ పోయినట్టే. పైగా శిబిరానికి స్లాట్ ఇచ్చిన రోజుకి ఆ మనిషి కృష్ణ ఒడ్డున ఏ ఘాట్ దగ్గరుంటాడో ఎవరికి తెలుసు? అందుకే ముందు గది.

పటమట మాస్టారు: అంత దూరం ఎందుకు? నైట్ షెల్టర్లు ఉన్నాయి కదా. లక్ష జనాభాకు ఒకటి చొప్పున, రాత్రీ పగలూ తెరిచి ఉండాలని సుప్రీంకోర్టే చెప్పింది. గుర్తింపు ఉన్న షెల్టర్ నిర్వాహకుడు సర్టిఫికెట్ ఇస్తే ఆధార్‌కి అడ్రస్ ప్రూఫ్‌గా చెల్లుతుంది. అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

బ్రాడీపేట: ఆధార్ వరకు ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ హాల్లో వరసగా పరుపులేస్తే, చెవిలో గొంతులు వినబడే మనిషి ఎన్ని రాత్రులు ఉంటాడు? తాగొస్తే గేటు దగ్గరే ఆపేస్తారు. తాగుడు మానితేనే చోటు అంటే, ఆ మానడం ఫుట్‌పాత్ మీద కుదిరే పనేనా? న్యూయార్క్‌లో 1992లో ఒక సంస్థ ఈ షరతు తీసేసింది: ముందు ఇల్లు, తర్వాతే వైద్యం మాట. మన పక్కనే చెన్నైలో మానసిక రోగుల కోసం పనిచేసే బాన్యన్ సంస్థ 2015 నుంచి మామూలు వీధుల్లో ఇళ్లు అద్దెకు తీసుకుని, ఏళ్లకేళ్లు ఆస్పత్రిలో ఉండిపోయినవాళ్లను నలుగురైదుగురిని కలిపి ఉంచుతోంది. తోడుగా ఒక మనిషి ఉంటారు.

సింగ్‌నగర్: ప్రభుత్వం కట్టించే టిడ్కో ఇంటికి డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. వాళ్లను పక్కనపెట్టి తాగుబోతులకు గదులా? రూలంటే అందరికీ ఒకటే ఉండాలి.

బ్రాడీపేట: ఇల్లు రాసిమ్మనడం లేదండి, అద్దె గది మాత్రమే. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఏమంటోందంటే, ఇల్లు లేదనో, కుటుంబం లేదనో మనిషిని ఆస్పత్రిలోనే ఉంచేయకూడదు. మరి డిశ్చార్జ్ చేసి ఎక్కడికి పంపాలి, మళ్లీ బస్టాండ్‌కా?

కృష్ణలంక కుర్రాడు: గది ఇచ్చినా చేతిలో డబ్బుండాలి కదా. పింఛను పడిన రోజే లాక్కునే బ్యాచ్ కూడా ఉంటుంది, అదో టెన్షన్. పోనీ కార్పొరేషన్ మూడు నెలలు అద్దె కట్టి, ఆ గది అడ్రస్ మీదే ఆధార్, సదరం పూర్తిచేయించి, ఆ తర్వాత పింఛనులోంచి అద్దె తీసుకుంటే?

సింగ్‌నగర్: సరే, అద్దె సంగతి తేలిందనుకుందాం. రోజూ వెళ్లి మాత్రలు వేసుకున్నాడో లేదో చూసే మనిషికి జీతం ఎవరిస్తారు? కార్పొరేషనా, ఆస్పత్రా? అది చెప్పండి, అప్పుడు ఒప్పుకుంటాను.