హోండా సీఆర్-జెడ్ ఆరేళ్లకే ఎందుకు ఆగిపోయింది?

హనుమకొండ వాసి:
డాలస్‌లో ఉంటున్న మా పెద్దనాన్న కొడుకు తన 2011 మోడల్ హోండా సీఆర్-జెడ్‌ను, అక్కడే చదువుకుంటున్న మా చెల్లెలికి ఇస్తానంటున్నాడు. రెండేళ్ల కిందట అక్కడికి వెళ్లినప్పుడు నేనూ దానిని నడిపాను. గేర్లు చిన్న కదలికకే చక్కగా పడతాయి. వెనుక అద్దాన్ని అడ్డంగా రెండుగా విడదీసే పట్టీ మాత్రం, వెనుక వచ్చే కారు దీపాలను సరిగ్గా కప్పేస్తుంది. జపాన్‌లో 2010-2011 కార్ ఆఫ్ ది ఇయర్ పురస్కారం అందుకున్న బండి అమెరికాలో 2016 మోడల్‌తోనే ఎందుకు ఆగిపోయింది? పెట్రోల్ ఇంజన్‌కు విద్యుత్ మోటారు తోడుండే హైబ్రిడ్ కావడమే దాని కొంప ముంచిందా?

కాజీపేట ఇంజనీర్:
హైబ్రిడ్ కావడం కాదండీ, సగం హైబ్రిడ్ కావడం ముంచింది. ఇందులోని 1.5 లీటర్ ఇంజన్ మన సిటీ కారు ఇంజన్ వంశానికి చెందినదే. దానికీ గేరుబాక్సుకూ మధ్య పళ్లెం లాంటి పలుచని మోటారును ఇరికించారు. అది ఇచ్చేది సుమారు 13 హార్స్‌పవర్. పైగా ఇంజన్‌తో కలిసే తిరగాలి కాబట్టి, టొయోటా హైబ్రిడ్ కారు ప్రియస్ లాగా ట్రాఫిక్‌లో బ్యాటరీ మీదనే మెల్లగా సాగే వీలు లేదు. రెండూ కలిపి 122 హార్స్‌పవర్ వస్తే, అదే షోరూమ్‌లో ఉన్న హోండా వేగం కారు సివిక్ ఎస్‌ఐ 197 ఇచ్చేది. పోనీ మైలేజీ చూద్దామా అంటే, అమెరికా ప్రభుత్వ లెక్కల్లో మాన్యువల్ గేర్ల బండికి లీటరుకు పద్నాలుగున్నర కిలోమీటర్లు, ప్రియస్‌కు ఇరవై ఒకటి. వేగం కోరినవాడూ పొదుపు కోరినవాడూ ఇద్దరూ పక్క కారు వైపే నడిచారు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. జపాన్‌లో నెలకు వెయ్యి అమ్మాలనుకుంటే మొదటి నెలలోనే పదివేల ఆర్డర్లు వచ్చాయి. అంటే మనసుపడ్డవాళ్లందరూ ముందే కొనేశారు. అమెరికాలో 2011లో పదకొండు వేల పైచిలుకు అమ్ముడై, మరుసటి ఏడాది నాలుగు వేల దగ్గర ఆగింది. 2013 మోడల్‌లో లిథియం బ్యాటరీ పెట్టి బలాన్ని 130కి పెంచారు గానీ, అప్పటికే జనం దానిని మరిచిపోయారు.

కరీంనగర్ మిత్రుడు:
ఇంజనీర్ గారు కాగితం మీది అంకెలతో కొలిచారని నా అభ్యంతరం. కాలిఫోర్నియాలో మూడేళ్లు ఆ కారును నడిపినవాడిగా చెబుతున్నాను: సుమారు 1,200 కిలోల బండి కావడం వల్ల, మలుపు దాటి రెండో గేరులో తొక్కగానే, ఇంజన్ ఊపందుకోకముందే మోటారు తోపు వీపుకు తెలుస్తుంది. ఆ సుఖాన్ని 197 ఉన్న బండీ అలా ఇవ్వదు. నా దృష్టిలో అసలు తప్పు సీట్లది. జపాన్‌లోనూ ఐరోపాలోనూ ఇరుకుగానైనా వెనుక సీట్లు ఉండేవి. అమెరికాకు పంపిన బండిలో వాటిని తీసేసి అరలు పెట్టారు. మా పాప పుట్టిన ఏడాది నేను అమ్మేసింది అందుకే, కారు మీద కోపంతో కాదు. మీ చెల్లెలు ఒంటరిగా కాలేజీకి వెళ్లి రావడానికైతే నిశ్చింతగా తీసుకోవచ్చు. పాత నికెల్ బ్యాటరీ కాబట్టి, దానిని ముందుగా పరీక్ష చేయించండి.

హనుమకొండ వాసి:
ఇద్దరికీ ధన్యవాదాలు. మీ జవాబులు చెల్లెలికి చదివి వినిపించాను. హార్స్‌పవర్ లెక్కలన్నీ ఓపికగా విని, ఆ వెనుక అరల దగ్గర రెండు బియ్యం సంచులు పడతాయా అని మాత్రం అడిగింది. పడతాయని మా అన్న ఫొటో తీసి పంపాడు. వచ్చే వారం బ్యాటరీ పరీక్షకు తీసుకెళుతున్నారు.